‘ఛారిటీ’ అను ఆంగ్లపదము: దాని అర్థము, వాడుక

గత మాఘమాసమున మా యూరి ఉచిత విద్యార్థి వసతిగృహపు నిర్వాహకులు క్రొత్త రసీదు పుస్తకము అచ్చు వేయింపదలచి, అచ్చుప్రతిని ఒకమారు దిద్ది యిమ్మని నా కడకు పంపిరి. తెలుగు వైపున ‘విద్యార్థి దాసోహ నిధికి ముట్టినది’ అని యున్నది. ఇంగ్లీషు వైపున దానికి సరిగా ‘స్టూడెంట్స్ ఛారిటీ ఫండ్’ అని యున్నది. నేను తెలుగు పండితుడను. ఇంగ్లీషు నా పాఠ్యవిషయము కాదు. రెండు మూడు అచ్చుతప్పులు సవరించి మరుసటి దినమే పంపివేసి యుండవచ్చును. కాని ‘ఛారిటీ’ అను మాట కడ కలము నిలిచిపోయినది. దాదాపు రెండు వారములు ఆ ప్రతి నా బల్లమీదనే యున్నది.

అందుకు కారణము కలదు. 1983లో నేను ఎనిమిదవ తరగతి చదువుచు ఒక ఉచిత వసతిగృహమున నుంటిని. ఒకనాడు ఫీజు మినహాయింపు జాబితా సరిచూచుకొనుటకు వచ్చిన గుమాస్తాగారు తరగతి గుమ్మములో నిలిచి, “ఛారిటీ బాయ్స్ లేచి నిలబడండి” అనిరి. ఏడుగురము లేచితిమి. ఆ మాటకు అర్థమేమో అప్పటికి నాకు తెలియదు. ప్రక్క బల్లలమీది పిల్లల చూపులవలన తెలిసినది. ఆ గుమాస్తాగారు చెడ్డవారని నేననను. కాగితముపై ఆ మాట యున్నది, చదివినారు. తరువాత నేనెన్ని నిఘంటువులు తిరుగవేసినను, ఆనాటి చూపులు చెప్పిన అర్థమే నాకు నేటికిని ముందుగా స్ఫురించును.

మన సంఘములలో రసీదులు, ఆహ్వానపత్రికలు, బోర్డులు, ట్రస్టు దస్తావేజులు వ్రాయువారు ఈ మాటను విరివిగా వాడుచున్నారు. అది యెచ్చటనుండి వచ్చినది, ఏయే అర్థములను మోయుచున్నది తెలిసికొని వాడుట మేలని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మొదట వర్ణక్రమము. ‘ఛారిటీ’ అని మహాప్రాణముతో వ్రాయుట మన పత్రికలలో స్థిరపడినది. ఇంగ్లీషువారు ఈ మాటలోని మొదటి హల్లును పలుకునపుడు కొంచెము ఊపిరి వెలువడును. కావున ‘ఛ’ తప్పనుటకు వీలు లేదు. ‘చారిటీ’ అని వ్రాసినను దోషము లేదు. మా యూరిలో ‘చ్యారిటి’ అందురు. దానిని గూర్చి కలహము వలదు.

ఈ పదము ఇంగ్లీషువారి సొంతము కాదు. నార్మనుల పాలనతో ఆ దేశమున ప్రవేశించిన ఫ్రెంచి నుండి 12వ శతాబ్దమున వారికి సంక్రమించినది. కల్యాణనగరమున బసవేశ్వరుడు భాండారిగా నుండి దాసోహము సాగించినదియు ఆ శతాబ్దముననే. ఇది కేవలము యాదృచ్ఛికము. కాలము జ్ఞాపకముంచుకొనుటకు మాత్రము అనుకూలము. ఫ్రెంచివారికి ఇది లాటిను నుండి వచ్చినది. లాటినున ‘కారుస్’ అనగా ప్రియమైనది. దాని భావార్థకరూపము ‘కారితాస్’, అనగా ప్రియత్వము. సంస్కృతమందలి ‘కామ’ శబ్దమును, లాటిను ‘కారుస్’ శబ్దమును ఒకే ప్రాచీన ధాతువునకు చెందినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించినారు.

ఇచ్చట తెలుగువారికి ఒక వింత సౌలభ్యము కలదు. లాటిను ‘కారుస్’ అను మాటకు ‘ఇష్టమైనది’ అనియు, ‘వెల హెచ్చైనది’ అనియు రెండర్థములు. ఇంగ్లీషున ‘డియర్’ అను మాటకును ఆ రెండే. మన ‘ప్రియము’ కూడ సరిగా అట్టిదే. బిడ్డ ప్రియము, సంతలో కందిపప్పు ప్రియము. మా నాయనమ్మ ఈ రెండవ అర్థముననే ఆ మాటను నిత్యము వాడెడిది. కావున ‘ఛారిటీ’ మూలార్థమును తెలుగు పిల్లలకు బోధించుటకు ఇంతకంటె చక్కని మాట దొరకదు. ఎదుటివాడు నాకు ప్రియమైనవాడు, వెలగలవాడు అను భావమే ఆ పదమునకు పునాది. అందులో ఇచ్చుట లేదు, పుచ్చుకొనుట లేదు. పై చేయి లేదు, క్రింది చేయి లేదు.

క్రైస్తవుల గ్రంథము గ్రీకుభాషలో నుండగా, అందు ప్రేమను తెలుపుటకు ‘అగాపే’ అను శబ్దము వాడబడినది. 4వ శతాబ్దము చివర జెరోము అను పండితుడు ఆ గ్రంథమును లాటినులో సంస్కరించినపుడు పలుచోట్ల దానికి ‘కారితాస్’ అని యుంచెను. ఆ లాటిను పదమే ఇంగ్లీషున ‘ఛారిటీ’గా నిలిచినది. ఆ మతమువారు చెప్పు మూడు ముఖ్యగుణములు ఇంగ్లీషులో ‘ఫెయిత్, హోప్, ఛారిటీ’. తెలుగు క్రైస్తవులు వీనిని విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ అందురు. ఆ మూడవదానికి ‘దానము’ అనలేదు, గమనింపుడు. మన దేశమున అందరెరిగిన ఉదాహరణ మరియొకటి కలదు. మదర్ తెరేసా 1950లో కలకత్తాలో స్థాపించిన సంస్థ పేరు ‘మిషనరీస్ ఆఫ్ ఛారిటీ’. దానధర్మములు చేయు సంస్థ కాబట్టి ఆ పేరు వచ్చినదని మనవారనేకులు అనుకొందురు. అచ్చట ఆ మాట ప్రాతయర్థముననే యున్నది. ప్రేమను చాటువారని దాని భావము.

ఈ ఒక్క మాటకై ఇంగ్లండులో జరిగిన వాదము మన వ్యాకరణ వివాదములను మించినది. విలియము టిండేలు 1526లో క్రొత్త నిబంధనను గ్రీకు నుండి ఇంగ్లీషులోనికి అనువదించి, ‘అగాపే’ అను చోట ‘ఛారిటీ’ని తొలగించి ‘లవ్’ అని వ్రాసెను. సర్ థామస్ మోరు 1529లో దానిని తీవ్రముగా ఖండించెను. ‘లవ్’ అనునది లోకమున ప్రతి యిష్టమునకును చెల్లు మాట. దైవసంబంధమైన ప్రేమకు ‘ఛారిటీ’ అనియే యుండవలెనని ఆయన పక్షము. ‘ఛారిటీ’ అన్నచో జనులు పలువిధముల గ్రహింతురు, వాడుకలో దానికి అర్థములనేకము లున్నవని టిండేలు సమాధానమిచ్చెను. ఈ ఒక్క కారణముచేతనే కాకపోయినను, టిండేలు 1536లో మతద్రోహియని చంపబడెను. మోరు అంతకు ముందటి సంవత్సరమే వేరొక కారణమున రాజాజ్ఞచే శిరచ్ఛేదము పొందెను. ఒక పదమునకు అర్థము చెప్పుకొన్న ఇరువురు పండితులును సహజమరణము నెరుగరు.

1611లో జేమ్సు రాజు కాలమున వెలువడిన ప్రసిద్ధ అనువాదములో, పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయమున ‘ఛారిటీ’యే మరల నిలిచినది. 1881 నాటి సవరణ ప్రతిలో అచ్చట ‘లవ్’ వచ్చినది. ఆ మార్పు ఎందుకు అవసరమైనదో ఆ అధ్యాయము చదివిన తెలియును. ఉన్నదంతయు పేదలకు పంచి పెట్టినను ‘ఛారిటీ’ లేకున్న ఫలము లేదను అభిప్రాయము అందు కలదు. 1611లో చదివినవారికి ఇది కొంతవరకు బోధపడియుండవచ్చును. 19వ శతాబ్దము నాటికి పేదలకు పంచిపెట్టుటయే ‘ఛారిటీ’ అను అర్థము బలపడినది. దానము చేసినను దానము లేకున్న వ్యర్థమనినట్లు ఆ వాక్యము వినబడసాగినది. మాట చిక్కిపోయి గ్రంథము అర్థము కాని స్థితి ఏర్పడినది.

ఆ చిక్కుట ఎట్లు జరిగినదో చూతము. ప్రేమ గలవాడు ఇచ్చును. ఆ ఇచ్చుటకు ‘ఛారిటీ’ అని పేరు వచ్చెను. పిమ్మట ఇచ్చిన వస్తువునకు ఆ పేరే వచ్చెను. ఆ వస్తువును పంచు సంస్థకును అదే పేరు. మనస్సులోని గుణము మొదట చేతికి, తరువాత చేతిలోని సొమ్ముకు, ఆపై కచేరీకి దిగినది. వ్యాకరణమున కూడ ఈ దిగుదల కనబడును. గుణమును గాని, ఇచ్చుటను గాని చెప్పునపుడు ఈ పదము ఏకవచనముననే యుండును. దానికి ముందు ‘ఎ’ అను ఉపపదము రాదు. సంస్థను చెప్పునపుడు ‘ఎ ఛారిటీ’ అని ఏకవచనమును, ‘ఛారిటీస్’ అని బహువచనమును కలవు. ‘అతడు చాల ఛారిటీస్ చేసెను’ అను అర్థమున మనవారు ఇంగ్లీషులో వ్రాయుట తప్పు. అనేక సంస్థలకు ఇచ్చెనన్నచో బహువచనము చెల్లును. అనేక దానములు చేసెనన్నచో చెల్లదు.

దీని విశేషణము ‘ఛారిటబుల్’. ప్రాతయర్థము ఇంకను జీవించియున్న చోటు ఇదియే. ఒకని తప్పును గూర్చి మాటలాడునపుడు ఇంగ్లీషువారు ‘ఛారిటబుల్’గా తలంపుమందురు. అనగా వానికేదో కష్టము వచ్చియుండును, కఠినముగా తీర్పు చెప్పకుము అని భావము. పైసా వ్యయము లేని ఈ ఛారిటీ మా ఉపాధ్యాయుల గదిలో తరచుగా కరవగును.

సామెతల సంగతి. ‘ఛారిటీ బిగిన్స్ ఎట్ హోమ్’ అను సామెతను చందా అడుగ వచ్చినవారిని పంపివేయుటకు వాడుచున్నారు. ప్రేమ ఇంటనే మొదలగునని దాని అక్షరార్థము. ఇంటనే ముగియవలెనని అందు లేదు. మన ‘తనకు మాలిన ధర్మము మొదలు చెడ్డ బేరము’ అను సామెతతో దీనిని జత చేయుట వాడుక. అది పూర్తిగా సరిపోదు. మన సామెత వ్యాపారి నోటినుండి వచ్చినది, హద్దు చెప్పుచున్నది. వారిది తొలి మెట్టు చూపుచున్నది. ఇంకొక పలుకుబడి ‘కోల్డ్ ఆజ్ ఛారిటీ’, అనగా ఛారిటీవలె చల్లనిది. ప్రియత్వమను అర్థమున పుట్టిన మాట చల్లదనమునకు ఉపమానమైనది. అనాథశాలలలో, ఉచిత వైద్యశాలలలో వరుసలలో నిలిచినవారు ఆ పలుకుబడిని వాడుకలో నిలిపియుందురని నా యూహ. ఇచ్చినవారు దానిని నిలిపియుండరు.

చట్టమున ఈ మాట చరిత్ర వేరు. ఎలిజబెత్తు రాణి ఏలుబడి చివర, 1601లో, ఛారిటీ నిమిత్తము వదలిన ఆస్తులను దుర్వినియోగము కాకుండ కాపాడుటకు ఒక చట్టము చేసిరి. దాని పీఠికలో ఏయే పనులు ఛారిటీ యగునో ఒక పట్టిక యున్నది. వృద్ధులకు, అశక్తులకు, పేదలకు సహాయము, గాయపడిన సైనికుల, నావికుల పోషణ, పాఠశాలలు, వంతెనలు, రేవులు, రహదారులు, సముద్రపు కట్టలు బాగుచేయుట, అనాథల చదువు, పేద కన్యల వివాహములు, బందీల విడుదల. ఇది చదివినపుడు నేను ఆశ్చర్యపడితిని. చెరువు, తోట, గుడి, అగ్రహారము మొదలుగా మనవారు లెక్కించిన సప్తసంతానములకును, ఈ పట్టికకును ఎంత దగ్గర! పేదపిల్లకు పెండ్లి చేయుట పుణ్యమని వారికిని తెలియును. వంతెన కట్టుట కూడ దానమే యని వారికిని తెలియును.

1891లో పెమ్సెలు వ్యాజ్యమను ప్రసిద్ధమైన దావాలో లార్డు మెక్నాటెను ఈ పట్టికను నాలుగు తరగతులుగా కుదించెను. పేదరికమును తీర్చుట, విద్యను పెంచుట, మతమును పోషించుట, సంఘమునకు మేలు కలిగించు ఇతర కార్యములు. మన దేశపు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమున ‘ఛారిటబుల్ పర్పస్’ అను మాటకిచ్చిన నిర్వచనమునందు పేదలకు సహాయము, విద్య, వైద్యసహాయము, సర్వజనోపయోగమైన ఇతర లక్ష్యములు చేరినవి. అంతకు మున్ను 1890లోనే ఛారిటబుల్ ఎండోమెంట్స్ చట్టము వచ్చినది. ఆంధ్రప్రదేశమున 1966లోను, మరల 1987లోను చేసిన చట్టముల పేరులలో కూడ ‘ఛారిటబుల్’ కలదు. దానినే మన శాఖ పేరున ‘ధర్మాదాయ’ అనుచున్నాము. ఇది మంచి అనువాదమే. చట్టమునకు కావలసినది ప్రేమ కాదు. ఆస్తి యెవరిది, ఎందుకు ఖర్చు పెట్టితిరి, లెక్క చూపుడు అని అడుగుటకు ఒక గీత కావలెను. ఆ గీతను ‘ఛారిటబుల్’ అను పదము నాలుగు వందల యేండ్లుగా గట్టిగా పట్టుకొని యున్నది. ట్రస్టు దస్తావేజులలో ఈ మాటను చూచి నాకు బాధ లేదు.

బాధ వచ్చునది, ఆ మాట దస్తావేజునుండి దిగి మనిషిమీద కూర్చున్నపుడు. 1697లో ఇంగ్లండున ఒక శాసనము చేసిరి. పారిష్ అను స్థానిక మత పరగణా నిధినుండి సహాయము పొందు పేదలు, వారి భార్యాబిడ్డలతో సహా, ‘పి’ అను పెద్ద అక్షరమును, తమ పారిష్ పేరులోని మొదటి అక్షరమును ఎర్రని లేక నీలి గుడ్డలో కత్తిరించి కుడి భుజముపై కుట్టుకొనవలెను. ఈ నిబంధన 1810 వరకు చట్టమున నిలిచినది. అది పన్నుతో నడచిన సహాయము, ఛారిటీ కాదని న్యాయవాదులు అనవచ్చును. భుజముపై గుడ్డముక్క మోయు బిడ్డకు ఆ భేదముతో పని లేదు. 1869లో లండనున పుట్టిన ఛారిటీ ఆర్గనైజేషన్ సొసైటీవారు సహాయమునకు ముందు పాత్రుడెవడు, అపాత్రుడెవడు అని ఇల్లిల్లు విచారించెడివారు. ‘పాత్ర’ అను మన మాటను కూడ మనవారు ఇట్టి విచారణకే వాడినారు. మనము వేలెత్తి చూపుటకు లేదు.

చార్లెస్ డికెన్సు 1837 మొదలు 1839 వరకు భాగములుగా వెలువరించిన ‘ఆలివర్ ట్విస్ట్’ నవలలో నోవా క్లేపోల్ అను పిల్లవాడు కలడు. అతడు ఛారిటీ పాఠశాలలో చదివినవాడు. ఆ పాఠశాల ఇచ్చిన తోలు లాగు వానికి గుర్తు. వీధిలోని అంగళ్ల కుర్రవాండ్రు వానిని ‘ఛారిటీ’ అనియే పిలిచి వెక్కిరించుచుందురు. చూడుడు, ప్రేమ అని అర్థము గల మాట తిట్టుగా మారినది. వాడు మారుమాటాడక భరించును. తరువాత తనకంటె దీనుడు, అనాథ, ఆలివరు దొరకగనే తాను తిన్న అవమానమంతయు వడ్డీతో వానికి చెల్లించును. డికెన్సు ఇచ్చట మనుష్యస్వభావమును ఎరిగి వ్రాసినాడు. ఆనాడు లేచి నిలుచున్న ఏడుగురిలో పెద్దవాడు, ఆ సాయంకాలమే, వసతిగృహమునకు క్రొత్తగా చేరిన చిన్నపిల్లవానిని అదే మాటతో పిలిచెను. ఆ పెద్దవాడను నేనే. ఇన్నాళ్లకు వ్రాయగలిగితిని.

ఇంగ్లీషున దానవాచకములు మరికొన్ని కలవు. ‘ఆమ్స్’ అనగా భిక్ష. జాలి యని అర్థమిచ్చు గ్రీకు మాటనుండి పుట్టిన దీర్ఘపదము అరిగి అరిగి ఒక్క పలుకైనది. చూచుటకు బహువచనమువలె నుండును గాని అది మొదట బహువచనము కాదు. ‘ఫిలాంత్రొపీ’ అనగా మానవప్రేమ. నేడది పెద్ద ధనవంతుల దానములకే చెల్లుచున్నది. పది రూపాయలిచ్చిన రైతును ‘ఫిలాంత్రొపిస్టు’ అనరు. ‘డొనేషన్’ మనకు చుట్టము. లాటిను ‘దోనుమ్’, సంస్కృత ‘దానము’ ఒకే ధాతువు బిడ్డలు. ఆ చుట్టము మన యింట ఎట్లు చెడినదో అందరికి తెలియును. కళాశాలలో సీటుకు చెల్లించు సొమ్మునకు ‘డొనేషన్’ అని పేరు పెట్టినారు. దానిని నిషేధించుటకు 1983లో ఆంధ్రప్రదేశమున చట్టము చేయవలసివచ్చెను. బలవంతముగా గుంజుకొనునది దానమైనది!

మాటలు చెడుట ఇంగ్లీషువారికే ప్రత్యేకము కాదు. ‘ధర్మము’ అను శబ్దమును చూడుడు. లోకమును ధరించునది యని పెద్దలు వ్యుత్పత్తి చెప్పిరి. బస్సు నిలిచిన చోట “ధర్మం చెయ్యండి బాబూ” అన్నచో ఆ శబ్దము విలువ ఒక నాణెము. హీబ్రూ భాషలో యూదులు దానమునకు వాడు ‘సెదకా’ అను మాటకు న్యాయమని మూలార్థము. అందులో జాలి లేదు, పేదవానికి చెల్లవలసినది చెల్లించుట కలదు. మన ‘ధర్మము’ కూడ ఒకనాడు ఆ దారినే నడచియుండును. నేడు ఆ అడుగుజాడలు చెరిగిపోయినవి. తైత్తిరీయోపనిషత్తు ఇచ్చువానికి లజ్జను విధించినది. పుచ్చుకొనువానికి కాదు! ఈ విషయమును తరగతిలో చెప్పినపుడెల్ల పిల్లలు నేను పొరబడితినని అనుకొందురు.

ఇక ‘దాసోహము’. దాసః, అహమ్ అను రెండు పదములు విసర్గసంధిచే ‘దాసోఽహమ్’ అయినవి. నేను దాసుడనని అర్థము. గురు లింగ జంగములకు సేవ చేయుట త్రివిధ దాసోహమని మన పత్రిక చదువరులకు క్రొత్తగా చెప్ప నక్కరలేదు. నేను చూపదలచినది వ్యాకరణవిశేషము. దానము అన్నపుడు వస్తువు కనబడును. ఛారిటీ అన్నపుడు నేడు పుచ్చుకొనువాని లేమి కనబడును. దాసోహము అన్నపుడు ఉత్తమపురుష కనబడును. మాటయంతయు ఇచ్చువానిని గూర్చినదే, వానిని క్రిందికి దించునదే. పుచ్చుకొనువానిపై అందులో ఒక్క అక్షరము లేదు.

అట్లని మన మాట చెడకుండ నిలిచినదని గర్వింపరాదు. కన్నడదేశమున దాసోహమన్నచో నేటికిని పంక్తిలో వడ్డించు అన్నము. తెలుగు పత్రికలలో ‘డబ్బుకు దాసోహమన్నాడు’, ‘పరభాషకు దాసోహమైనారు’ అని చదువుచున్నాము. తల వంచి లొంగిపోవుటకు, ఆత్మగౌరవము విడచుటకు అది మారుపేరైనది. సేవ పోయి దాస్యము మిగిలినది. ‘ఛారిటీ’కి పట్టిన గతికి ఇది తక్కువైనది కాదు. మన సంఘపు బోర్డుపై ఆ మాటను చూచిన పరాయి తెలుగువాడు ఏమనుకొనునో నాకు సందేహమే.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ ఈ సందర్భమున తలపునకు వచ్చును. ఆ దంపతులు కల్యాణమున, నేలపై చిందిన బియ్యపు గింజలను ఏరితెచ్చి వండి, జంగములకు వడ్డించిన పిమ్మట తాము భుజించెడివారు. ఒకనాడు మారయ్య వాడుకకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ వానిని చూచి, ఈ అధికము మనది కాదు, తెచ్చిన చోటనే పోసి రమ్మని పంపివేసెను. ఇచ్చట ఇచ్చువాడు పుచ్చుకొనువానికంటె పేదవాడు. ఉన్నది ఏరిన గింజ. అందులోను మిగులుబాటు పనికిరాదు. దీనిని ఇంగ్లీషున ‘ఛారిటీ’ అని వ్రాసినచో చదువరి కంటికి ధనవంతుని వాకిలి, వరుసలో నిలిచిన పేదలు కనబడుదురు. లక్కమ్మ కనబడదు. తుమకూరు సమీపమున సిద్ధగంగా మఠమున, 2019 జనవరి 21న 111 యేండ్ల వయస్సున లింగైక్యులైన శివకుమారస్వామివారు కులమత భేదము లేక వేలాది పిల్లలకు అన్నము, వసతి, చదువు నొసగినారు. వారిని జనులు ‘త్రివిధ దాసోహి’ అని పిలిచిరి. ఆ బిరుదును ఇంగ్లీషునకు త్రిప్పుడని నా విద్యార్థుల నడుగగా ఎవరికిని ఒక మాట చాలలేదు. నాకును చాలలేదు.

రసీదు సంగతికి వత్తును. సంఘ సమావేశమున నా సందేహము చెప్పగా కార్యదర్శిగారు, “మాస్టారూ, ఆ మాట తీసేస్తే ఆడిటరుగారు ఒప్పుకోరండీ” అనిరి. న్యాయమైన భయమే. మరునాడు ఇరువురము ఆడిటరుగారి కడకు పోతిమి. ఆయన ఓపికగా విని, ట్రస్టు దస్తావేజులో ‘ఛారిటబుల్’ అను మాట ఉండి తీరవలెననియు, రసీదుపై నిధిపేరు సంఘమువారి యిష్టమనియు సెలవిచ్చిరి. ఇంగ్లీషు వైపున కూడ ‘దాసోహ ఫండ్’ అనియే ఉంచి, క్రింద చిన్న అక్షరములతో ఉచిత భోజనము, వసతి, చదువు అను వివరమును ఆ భాషలో చేర్చితిమి.

లేచి రాబోవుచుండగా కార్యదర్శిగారు మరియొక పుస్తకము చూపిరి. వసతిగృహమునుండి పాఠశాలకు ప్రతి జూను మాసమున పంపు పిల్లల పేర్ల పట్టిక అది. పైన టైపులో ‘లిస్ట్ ఆఫ్ ఛారిటీ స్టూడెంట్స్’ అని యున్నది. నలుబది యేండ్లనాటి నమూనాయే యేటేట నకలు తీయుచు వచ్చిరట. దానిని దిద్దుమని ఎవరును నన్ను అడుగలేదు. నేనే కలము తీసి ‘ఛారిటీ’ని కొట్టివేసి ‘హాస్టల్’ అని వ్రాసితిని. ఈ జూనులో ఆ పట్టిక అట్లే పోయినది.

వాకిటి బోర్డు మార్చుట ఒకటి మిగిలినది. బోర్డు వ్రాయు అతడు అక్షరమునకు ఇంత యని కూలి చెప్పినాడు. ‘ఛారిటబుల్ హాస్టల్’కంటె ‘దాసోహ నిలయము’ ఖర్చు తగ్గునా యని కోశాధికారిగారు వ్రేళ్లమీద లెక్కపెట్టుచుండిరి.